రాత్రి ఛాయాచిత్రములకు కుంచె మెరుగులు

షోళింగనల్లూరులో పాత మహాబలిపురము రోడ్డుపై 2003లో మేము రాత్రివేళ తీసిన ఛాయాచిత్రములకు మా మనుమడు కంప్యూటరు ఫిల్టరుతో తైలవర్ణచిత్రముల సొగసు కల్పించి చూపినాడు. వీధిదీపములు, వాన్ గో 1889లో చిత్రించిన నక్షత్రములవలె, సుడులు తిరుగుచున్నవి. మెచ్చుకొంటిమి. చీకటి పటములలో సహజముగా నుండు రేణువులను ఈ పద్ధతి చుట్టుప్రక్కల రంగులతో కలిపి కుంచెగీతలుగా మార్చును, అంతవరకు మేలే. కాని టీకొట్టు దీపము ప్రక్కన నిలుచున్న మా యిల్లాలి ముఖమును గూడ నది రేణువులక్రిందనే జమకట్టినది! పూర్వము స్టూడియోలలో నలుపు తెలుపు పటములకు చేతితో రంగులద్దువారు ముందుగా కన్నులను, బొట్టును చూచుకొనెడివారు. యంత్రమునకు దీపమును, ఆమెయు నొక్కటే. అసలు పటమును చెరుపవలదని వానితో గట్టిగా చెప్పితిమి.