చార్ల్‌స్టన్‌లో అన్నం తెలిసిన హోటళ్ళు

అమెరికా ఆగ్నేయ తీరంలో, సౌత్ కరోలినా రాష్ట్రంలో ఉన్న చార్ల్‌స్టన్‌కు వెళ్ళేవాళ్ళకు ఎక్కడ తినాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు చెప్పే పేర్లలో ఎక్కువ భాగం పాత పట్నం నడిబొడ్డున, ముందుగా బల్ల రిజర్వు చేసుకోవలసిన ఖరీదైన రెస్టారెంట్లవే. నా సిఫారసు వేరు. ఆ ఊరి భోజనానికి ఆధారం వరి. కాబట్టి తరతరాలుగా ఆ అన్నం వండుతూ వచ్చినవాళ్ళ చిన్న హోటళ్ళకే మొదట వెళ్ళాలి. అక్కడ తిన్నాకే తక్కిన వంటల విలువ తెలుస్తుంది.

1670లో ఇంగ్లీషువాళ్ళు స్థాపించిన ఈ రేవు పట్నం 18వ శతాబ్దంలో ప్రధానంగా వరి ఎగుమతితో సంపన్నమైంది. బంగారు రంగు పొట్టుతో ఉండే ‘కరోలినా గోల్డ్’ ఇక్కడి పేరుపొందిన రకం. ఆ సంపదను సృష్టించింది పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం. వారిలో చాలామంది వరి పండించే ప్రాంతాలవాళ్ళు. చిత్తడి అడవులు నరికి గట్లు వేసినవాళ్ళు వాళ్ళే. సముద్రం పోటు మీదున్నప్పుడు ఎగదన్నే నది నీటిని తూముల గుండా మళ్ళలోకి పెట్టి, వడ్లను రోళ్ళలో దంచి, గడ్డితో అల్లిన చేటలతో చెరిగిందీ వాళ్ళే. నేడు గల్లా గీచీ ప్రజలుగా గుర్తింపు పొందినవారు వారి సంతతే. పొలంలోని నేర్పు వంటింట్లోకీ వచ్చిందని చరిత్రకారిణి కరెన్ హెస్ 1992లో వెలువరించిన ‘ది కరోలినా రైస్ కిచెన్’ పుస్తకంలో వివరంగా చూపించింది. ఉప్పు వేసిన ఎసట్లో బియ్యం ఉడికించి, గంజి వార్చి, సన్నని సెగ మీద మగ్గబెట్టడం అక్కడి పాత పద్ధతి. మెతుకు మెతుకూ విడివిడిగా రావడమే దానికి పరీక్ష. ఆ పరీక్ష ఎంత కఠినమైనదో తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ నేర్పు బాగా కనిపించేది ‘రెడ్ రైస్’లో. పొగబెట్టిన పంది మాంసం కొవ్వులో ఉల్లిపాయ, బెంగళూరు మిరప, చిక్కటి టమాటా ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయిస్తారు. ఆ తర్వాత బియ్యం పోసి, కొలిచిన నీళ్ళతో మూతపెట్టి మగ్గిస్తారు. టమాటాలోని తడిని లెక్కలోకి తీసుకోకపోతే అంతా ముద్దయిపోతుంది. పశ్చిమ ఆఫ్రికా జొలాఫ్ అన్నానికి ఇది దగ్గరి చుట్టం. నార్త్ చార్ల్‌స్టన్‌లోని బర్తాస్ కిచెన్ రెడ్ రైస్‌కూ, బెండకాయ సూపుకూ ప్రసిద్ధి. 2017లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ దానికి ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారం ఇచ్చింది. బెండకాయ జిగురును మనం వేపుడులో పోగొట్టాలని చూస్తాం. వాళ్ళు ఆ జిగురుతోనే సూపును చిక్కబరుస్తారు. హానిబల్స్ కిచెన్‌లో పీత అన్నం అడగాలి. వలిచిన పీత మాంసాన్ని ఉల్లి, మిరపతో వేయించి అన్నంలో కలుపుతారు. పీత తీపి అణగిపోకుండా మసాలాను తక్కువలో ఉంచుతారు. ఊరి బేకరీల్లో దొరికే బెన్నె వేఫర్లు నువ్వుల బిళ్ళలే. నువ్వు మన ఉపఖండంలో సాగులోకి వచ్చిన పంట. ఆఫ్రికా మీదుగా, బానిసలతో పాటు అది కరోలినా చేరింది.

చిన్న హోటళ్ళకే మొదట వెళ్ళాలనడానికి గట్టి అభ్యంతరమే ఉంది. అంతరించిపోతున్న కరోలినా గోల్డ్ తిరిగి ప్రాణం పోసుకున్నది ఈ చిన్న హోటళ్ళ వల్ల కాదు. 1980లలో రిచర్డ్ షుల్జ్ అనే కంటి వైద్యుడు దాన్ని మళ్ళీ పండించాడు. 1998లో మొదలైన ఆన్సన్ మిల్స్ అనే సంస్థ దాన్ని పెద్ద రెస్టారెంట్లకు చేర్చింది. ఇది నిజం, మెచ్చుకోదగిన పని కూడా. కానీ విత్తనాన్ని విత్తన బ్యాంకులో దాచిపెట్టి ఏళ్ళ తర్వాతైనా మొలకెత్తించవచ్చు. చేతి నేర్పును అలా దాచలేం. రోజూ వండే పొయ్యి, రోజూ తినే జనం ఉంటేనే అది నిలుస్తుంది. ఇలాంటి చిన్న హోటలే అయిన, 1983లో తెరిచిన మార్తా లూస్ కిచెన్ 2020లో మూతపడింది. తినేవాళ్ళు లేక కాదు, అది ఉన్న స్థలం అమ్ముడుపోవడం వల్ల. భూమి ధర పెరిగే ఊళ్ళో పేదల వంటిల్లే ముందు మూతపడుతుంది.

ఈ తిండిలో కొవ్వు, ఉప్పు, వేపుడు ఎక్కువనే మాటా ఉంది. పొలంలో ఒళ్ళు విరిగేలా పనిచేసినవాళ్ళ భోజనంగా ఇది రూపుదిద్దుకుంది. రోజూ తినమని నేను అనను. శాకాహారులు మాత్రం అడిగి తినాలి. ఆకుకూరల్లోనూ చిక్కుడు గింజల్లోనూ మాంసం వేసి వండడం అక్కడ మామూలు.

చార్ల్‌స్టన్‌లో ఒక్క పూటే ఉంటే, ఆ పూట భోజనం బర్తాస్‌లోనో హానిబల్స్‌లోనో కావాలి. రెండో పూట ఉంటే పెద్ద రెస్టారెంటుకు వెళ్ళండి. ఈ వరస ముఖ్యం. ఒక వంటను సృష్టించినవాళ్ళకు గౌరవం ఒక్కటే చాలదు, గిరాకీ కూడా కావాలి. వాళ్ళ దగ్గర డబ్బిచ్చి తినడమే ఆ వంటకు మనం చేయగల మేలు.