రిసోర్స్ పర్సన్ ఎవరు?

మన కార్వేటినగరంలో డైట్ ఉంది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక డైట్ అన్నది, శిక్షణ ఆ జిల్లా నేలకు దగ్గరగా ఉండాలనే కదా. ఊళ్లోనే స్కంద పుష్కరిణి, రాతి మెట్ల పెద్ద కోనేరు. నీటి పాఠానికి అంతకన్నా ఏం కావాలి?

సుస్థిర అభివృద్ధి మీద నేను హాజరైన ఒక శిక్షణలో (ఎక్కడో చెప్పను) తెర మీద ధ్రువాల మంచు కరుగుతూనే ఉంది. చివర మొక్క నాటి ఫోటో దిగాం. ఐక్యరాజ్యసమితి దశాబ్దం 2005 నుంచి 2014 అని నోట్సు రాసుకున్నాం. స్థానిక జ్ఞానాన్ని బడిలోకి తేవాలని అందులోనే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

మా యానాది పెద్దలు కలుగు దగ్గరి మట్టి చూసి లోపల ఎలుక ఉందో లేదో చెబుతారు. వాళ్లు వస్తే చేలో విషం పెట్టే పని తప్పుతుంది. ఆ సంగతి మా పిల్లవాడు తరగతిలో చెబితే అందరూ నవ్వుతారు, కొన్నిసార్లు టీచరు కూడా. మర్నాడు వాడు బడికి రాడు. ఆ నవ్వును ఆపడం నేర్పని శిక్షణ టీచర్లను దేనికి నాయకుల్ని చేస్తుంది?

ఎలుకల వేట వెనక ఆకలి, వెట్టి కూడా ఉన్నాయి. దాన్ని అందంగా చూపించమని నేననను. ఆ పెద్దాయన్ని ఒకరోజు రిసోర్స్ పర్సన్‌గా పిలవండి, అందరికీ ఇచ్చే భత్యమే ఆయనకూ ఇవ్వండి. రిజిస్టరులో సంతకం రాకపోతే వేలిముద్ర వేస్తాడు.