అధికసంఖ్యాకుల పరిహాసము

ఒక దేశమందు అధికసంఖ్యాకులైన జాతివారిని ఇతరులు పరిహసించినచో అది జాతివిద్వేషమగునా కాదా యను ప్రశ్న యీ కాలమున విద్యావంతుల గోష్ఠులలో తఱచుగా వినవచ్చుచున్నది. ఎన్నటికిని కాదని కొందఱు, తప్పక యగునని కొందఱు వాదించుచున్నారు. ఊరక వాదించుటకంటె ఒక కృతిని ముందిడుకొని విచారించుట మేలని తలంచి, అమెరికాదేశపు నాటకకర్త డగ్లస్ టర్నర్ వార్డుగారి "డే ఆఫ్ ఆబ్సెన్స్" అను నాటకమును ఇచట గైకొనుచున్నాము.

ఈ నాటకము 1965వ సంవత్సరము నవంబరు 15వ తేదీన న్యూయార్కు నగరమున మొదట ప్రదర్శింపబడినది. కథ చిన్నది. దక్షిణ రాష్ట్రములలోని యొక పట్టణమున ఒకనాటి యుదయమునకు నల్లజాతివారు అదృశ్యులై యుందురు. వండువారు లేరు, ఊడ్చువారు లేరు, బిడ్డల నెత్తుకొనువారు లేరు. ఏడ్చుచున్న పసిబిడ్డను ఊరడించుట యెట్లో కన్నతల్లికే తెలియదు. పట్టణాధ్యక్షుడు టెలివిజనులో కనబడి, పోయినవారిని మరలి రండని వేడుకొనును. విశేష మేమనగా, ఈ తెల్లవారి పాత్రలను నల్లజాతి నటులే ముఖములకు తెల్లరంగు పూసికొని యభినయించిరి.

ఆ రంగునకు పూర్వచరిత్ర కలదు. 1830 ప్రాంతము మొదలుకొని అమెరికాలో తెల్లజాతి నటులు కాల్చిన బిరడామసిని ముఖమునకు పూసికొని, నల్లవారిని సోమరులుగను మూఢులుగను చూపి జనులను నవ్వించిరి. థామస్ రైస్ అను నటుడు ప్రసిద్ధికి తెచ్చిన "జిమ్ క్రో" యను హాస్యపాత్ర పేరే తరువాత నల్లవారిని వేఱుపఱచిన శాసనములకు పేరైనది. రైళ్లలో వారిని వేఱు పెట్టెలలో కూర్చుండబెట్టుట న్యాయమే యని 1896లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. నవ్వునకును శాసనమునకును గల చుట్టఱికమునకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము వేఱొకటి కావలయునా?

వార్డుగారి నాటకమును చూచి జనులు నవ్వినందువలన ఏ తెల్లవాడును వోటు కోల్పోలేదు. ఏ తెల్లబాలికకును పాఠశాల తలుపు మూయబడలేదు. నల్లవారి వోటుహక్కును కాపాడు శాసనమే ఆ ప్రదర్శనమునకు మూడునెలల ముందు, 1965 ఆగస్టులో పుట్టినది. కావున ఆ నవ్వును ఈ నవ్వును సమానములే యనువారు తక్కెడలో ఒక సిబ్బెను మాత్రమే చూచుచున్నారు.

అయినను రెండవ పక్షమువారి మాటయు మాకు సమ్మతము కాదు. సంఖ్య వేఱు, అధికారము వేఱు. దక్షిణాఫ్రికాలో నల్లవారే అధికసంఖ్యాకులు. అట్లయ్యును 1948 మొదలు 1994 వఱకు వర్ణవివక్ష రాజ్యనీతియై వారినే అణచినది. అచ్చట వారిని హేళనచేయుట అధికసంఖ్యాకుల హేళన గనుక నిర్దోషమని యెవ్వరనగలరు? మఱియు సంఖ్య దేశమున నొక రీతిగను, తరగతిగదిలో నొక రీతిగను ఉండును. తోడి బాలురందఱు ఒంటరియైన యొక తెల్లబాలుని వాని తోలును బట్టి వెక్కిరించినచో, దేశపు జనాభాలెక్క ఆ పసివాని కన్నీరు తుడువదు.

ఐక్యరాజ్యసమితి 1965 డిసెంబరు 21వ తేదీన ఆమోదించిన యొడంబడిక, జాతి, వర్ణము, వంశము మున్నగువానిని బట్టి మనుష్యుల సమానహక్కులకు భంగము కలిగించు భేదమును జాతివివక్షగా నిర్వచించినది. ఆ నిర్వచనములో అధికసంఖ్యాకులని గాని అల్పసంఖ్యాకులని గాని లేదు. హక్కులకు భంగము కలిగెనా యనునదే ప్రధానము. ఆ కొలతను బట్టి ప్రతి హేళనయు వివక్ష కాదు. కాని వివక్ష కానిదెల్ల మంచిదనియు చెప్పరాదు. బలము దోషముయొక్క బరువును పెంచును, తగ్గించును; దోషమును గుణముగా మార్చజాలదు.

కావున మేము విచారింపవలసినవి రెండని తలంచుచున్నాము. పరిహసింపబడినది నడవడియా, పుట్టుకయా? ఆ నవ్వు వెనుక నెవరి యన్నము, ఎవరి గౌరవము పోవుచున్నది? వార్డుగారు నవ్వినది తెల్లతోలును గాదు. ఒకరి చాకిరిపై బ్రదుకుచు వారినే చులకన చేయు గర్వమును. ఆ గర్వమును విడుచుట మనుష్యునికి సాధ్యము. తోలును విడుచుట సాధ్యము కాదు. మన వీరేశలింగము పంతులుగారి ప్రహసనములును దురాచారములనే యెండగట్టెను గాని పుట్టుకను నిందింపలేదు. నాటకమున లోపము లేకపోలేదు. అందలి తెల్లవారు చాలవఱకు ఒక్కమూసలో పోసినట్లుందురు; మూసపోత నవ్వు పుట్టించును గాని మనుష్యుని చూపదు. అది కళాదోషము; ద్వేషమని మాత్రము చెప్పజాలము.

ఈ విచారణ మనకు దూరపుదని పాఠకులు తలంపకుందురు గాక. నేడు తెలుగు కుటుంబములు పెక్కులు అమెరికాలో నివసించుచున్నవి. ఇరుగుపొరుగువారికి మన భాష తెలియదుగదా యని భోజనపుబల్లయొద్ద తెల్లవారి రంగునో నల్లవారి రంగునో యెత్తి నవ్వినచో, వారు వినకపోయినను మన బిడ్డలు విందురు. వారు నేర్చుకొనునది ఆ మాటయొక్క హాస్యమును గాదు, మనుష్యుని తోలుతో కొలుచుటను. ఆ కొలత వారి చేతికి చిక్కిన పిమ్మట, రేపు ఎవరిపై ప్రయోగింతురో మన వశమున నుండదు.