డోరు నంబరు లేని ప్రింటర్

లేబుల్ ప్రింటర్ చెడిపోయిందని ఆటోనగర్ నుంచో, దువ్వాడ సెజ్ నుంచో, రేవు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు నుంచో ఫోనొస్తుంది. వెళ్లి చూస్తే చాలాసార్లు అది శుభ్రంగా ఉంటుంది. రాత్రి కరెంటు పోయి వచ్చి ఉంటుంది, అంతే. రౌటర్ మళ్లీ లేచి ప్రింటర్‌కి వేరే ఐపీ అడ్రస్ ఇస్తుంది. కంప్యూటర్లేమో పాత డోరు నంబరు దగ్గరే తలుపు కొడుతుంటాయి. "ఏటి సార్, ఇది ఆఫ్‌లైన్ అంటాది, లైటు చూస్తే పచ్చగానే ఉంది" అంటాడు ప్యాకింగ్ సూపర్‌వైజర్. నిజమే, ప్రింటర్ బతికే ఉంది, అడ్రసే మారింది.

విశాఖలో చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేసిపెట్టడం నా వృత్తి. డ్రైవర్ సీడీ ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మొదట ప్రింటర్‌నే అడగాలి. చాలా మోడళ్లలో ఫీడ్ బటన్ నొక్కిపట్టి స్విచ్ వేస్తే తన వివరాలన్నీ ఒక లేబుల్ మీద అచ్చేసి ఇస్తుంది. అందులో ఎప్పటికీ మారని దాని సొంత గుర్తు, మ్యాక్ అడ్రస్, ఉంటుంది. రౌటర్‌లో ఆ మ్యాక్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేసేస్తే కరెంటు ఎన్నిసార్లు పోయినా బెంగలేదు. చేత్తో స్థిరంగా ఇవ్వదలిస్తే రౌటర్ పంచే నంబర్ల వరసకు బయట ఇవ్వాలి. లేకపోతే ఎవరి ఫోనుకో అదే నంబరు వెళ్లి కూర్చుంటుంది. ఆ తర్వాత విండోస్‌లో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు పెట్టి, ఆ ఐపీ ఇచ్చి, పోర్టు నంబరు 9100 ఉంచడమే. విండోస్ తనంతట తాను వెతికి తగిలించే డబ్ల్యూఎస్‌డీ పోర్టును నేను నమ్మను.

అకౌంటెంట్ కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించి షేర్ చేసే పద్ధతి ఒకటుంది. ఆయన సిస్టమ్ ఆపి ఇంటికెళ్తే, కింద సరుకును చల్లగా ఉంచే రీఫర్ కంటెయినర్ నిలబడి ఉండగా పైన లేబుళ్లు ఆగిపోతాయి.

నెట్‌వర్క్ కుదిరాక చూసుకోవాల్సింది లేబుల్‌నే. ఇక్కడి రేవు 1933లో మొదలైంది. గోనె సంచుల మీద స్టెన్సిల్ పెట్టి సిరా పూసిన కాలం అది. ఇవాళ రొయ్యల కార్టన్ ఏ లాటుదో, ఏ రోజు ప్యాకైందో చెప్పేది దాని మీది స్టిక్కరే. అది మైనస్ 18 డిగ్రీల దగ్గర ఊడకూడదు. మామూలు జిగురు చలికి బిగుసుకుని రాలిపోతుంది, ఫ్రీజర్ గ్రేడ్ జిగురున్న రోలే కొనాలి. గాజువాక స్టీల్ యార్డులో బాధ వేరు. రిబ్బన్ లేకుండా వేడితోనే అచ్చయ్యే డైరెక్ట్ థర్మల్ కాగితం ఎండకు మసకబారుతుంది, బాగా కాలిన ఇనుము తగిలితే మొత్తం నల్లబడుతుంది. ఇక రాడ్ల కట్ట మీద అది ఏ పోత ఉక్కో చెప్పే హీట్ నంబరు ఎవరు చదువుతారు? అక్కడ రిబ్బన్ వాడే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్ పెట్టాల్సిందే.

రోలు సైజు మారినప్పుడు లేబుళ్ల మధ్య ఖాళీని ప్రింటర్‌కి గుర్తుపట్టించే గ్యాప్ కాలిబ్రేషన్ చేయకపోతే సగం అచ్చు ఒక లేబుల్ మీద, సగం తర్వాతి దాని మీద పడుతుంది. డ్రైవర్‌లో కాగితం సైజు ఏ4 అని వదిలేస్తే ఖాళీ లేబుళ్లు బారెడు బయటికొస్తాయి. ఇవి కనిపించే తప్పులు, ఎవరైనా పట్టుకుంటారు. బార్‌కోడ్ తప్పు అలా కనిపించదు. 203 డీపీఐ ప్రింటర్ మిల్లీమీటరుకి 8 చుక్కలే వేస్తుంది. పీడీఎఫ్ తెరిచి 'ఫిట్ టు పేజ్' కొడితే గీతల వెడల్పు పూర్తి చుక్కల్లో ఇమడదు. ఒక గీత లావెక్కుతుంది, పక్కది సన్నబడుతుంది. కంటికి బాగానే ఉంటుంది, స్కానర్‌కే ఎక్కదు. నూటికి నూరు శాతం సైజులోనే ప్రింట్ ఇవ్వండి. మొదటి లేబుల్‌ని అక్కడికక్కడే స్కాన్ చేసి చూశాకే మిగతావి వదలండి.

కొత్తది కొనబోయేవాళ్లకు ఒక్క మాట. ధర కాస్త తగ్గుతుందని యూఎస్‌బీ ఒక్కటే ఉన్న మోడల్ తీసుకోకండి, ఈథర్‌నెట్ పోర్టు ఉన్నదే అడగండి. బిగించాక ఐపీ నంబరును దాంతోనే పెద్ద అక్షరాల్లో అచ్చేయించి దాని మూత మీదే అంటించండి.