స్పిల్ అయింది, చెయ్యలేదు

"తాతయ్యా, వాటర్ స్పిల్ అయిపోయింది. నేను స్పిల్ చెయ్యలేదు."

విజయవాడ పటమటలో ఒక ఇంటి హాల్లో, రెండేళ్ళ ఎనిమిది నెలల పిల్లవాడు తడిసిన బనీనుతో నిలబడి చెప్పిన మాటలివి. గ్లాసు బోర్లా పడి ఉంది, కాళ్ళ కింద నీళ్ళు. తాతయ్య, అంటే ఈ కాలమ్ రాసే మనిషి, ముందు గుడ్డ తెచ్చి నేల తుడిచాడు. తర్వాత నోట్‌బుక్ తీసి ఆ రెండు వాక్యాలూ తేదీతో సహా రాసుకున్నాడు.

రాసుకోవడానికి కారణముంది. అంతకు వారం ముందు కూతురు ప్లే స్కూలు నుంచి కళ్ళనిండా నీళ్ళతో వచ్చింది. బాబు తెలుగూ ఇంగ్లీషూ కలిపేస్తున్నాడనీ, ఏ భాషా తిన్నగా రావట్లేదనీ, ఎందుకైనా మంచిది ఒకసారి ఆటిజం పరీక్ష చేయించమనీ అన్నారట. ఈలోగా ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారట. ఆ రాత్రి ఎవరికీ ముద్ద దిగలేదు. అమ్మమ్మ మనవడికి అన్నం పెడుతూ "తిను నాన్నా" అనబోయి, ఆగి, "ఈట్, ఈట్" అంది. వాడు ఆవిడ ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

పిల్లవాడి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. 'స్పిల్' ఇంగ్లీషు మాట. దాని తోకకు తెలుగు ప్రత్యయం తగిలించి 'స్పిల్లాను' అని తెలుగువాళ్ళెవరూ అనరు. మధ్యలో 'చెయ్యి' అయినా రావాలి, 'అవు' అయినా రావాలి. దానంతటది జరిగితే అయింది, ఒకరు జరిపిస్తే చేశారు. ఈ సంగతి వాడికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. వింటూ వింటూ పట్టుకున్నాడు. పట్టుకుని, తప్పు తన మీదికి రాకుండా వాడుకున్నాడు. తాతయ్య ఏమనుకుంటాడో ముందే ఊహించి, అడగకముందే జవాబు చెప్పాడు. ఎదుటి మనిషి మనసులో ఏముందో కనిపెట్టే శక్తి ఆ రెండు చిన్న వాక్యాల్లో నిండుగా ఉంది.

పెద్దవాళ్ళు తరతరాలుగా చేస్తున్నదీ ఇదే. దావా దాఖలు చేస్తాం, శిస్తు మాఫీ అవుతుంది, డబ్బు ఖాతాలో జమ అవుతుంది. దాఖలు, మాఫీ, జమ అన్నీ ఉర్దూ మీదుగా వచ్చినవే. 'చేయు', 'అవు' పట్టుకుని తెలుగు వాక్యంలో స్థిరపడ్డాయి. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట కట్టి కాలువలు తవ్వినప్పుడు దొరల 'లాక్' మన నోట 'లాకులు' అయింది. కాలువ కాపలా చూసే మనిషి లస్కరు. అవనిగడ్డ పక్కన పులిగడ్డలో అక్విడక్టు ఉంది, అక్కడి వాళ్ళందరికీ అది అక్విడక్టే. ఆ గట్ల మీద బతికినవాళ్ళెవరికీ భాషలు కలిపినందుకు మాట పడిపోలేదు.

పిల్లల మాటలు రాసిపెట్టుకోవడం కూడా పాత అలవాటే. ఫ్రాన్సులో జూల్ రోంజా తన కొడుకు లూయీ ఫ్రెంచి, జర్మన్ భాషలు నేర్చుకున్న తీరును 1913లో పుస్తకంగా తెచ్చాడు. అమెరికాలో వెర్నర్ లియోపోల్డ్ తన కూతురు హిల్డెగార్డ్ జర్మన్, ఇంగ్లీషు మాటల మీద నాలుగు సంపుటాలు రాశాడు. అవి 1939 నుంచి 1949 దాకా అచ్చయ్యాయి. ఆ పిల్ల మొదటి రెండేళ్ళూ రెండు భాషల మాటలూ కలిపే వాడింది, తర్వాత మెల్లగా దేనికది విడదీసుకుంది. 1995లో మాంట్రియల్‌లో ఫ్రెడ్ జెనెసీ బృందం ఇంకో ముచ్చట చూపించింది. రెండేళ్ళ పిల్లలు రెండు భాషలూ కలుపుతూనే, ఫ్రెంచి మాట్లాడే తల్లిదండ్రులతో ఫ్రెంచి ఎక్కువగా, ఇంగ్లీషు వాళ్ళతో ఇంగ్లీషు ఎక్కువగా వాడుతున్నారు. అంటే ఎదురుగా ఎవరున్నారో చూసే మాట్లాడుతున్నారు.

నోట్‌బుక్‌లో పేజీకి మూడు గళ్ళు గీస్తే చాలు. ఏమన్నాడు, ఎవరితో అన్నాడు, అంతకు ముందు ఏం జరిగింది. ఆ మూడో గడి నింపడమే కష్టం. వంట చేస్తూనో ఫోన్ మాట్లాడుతూనో ఉంటే అది దొరకదు. మాటల లెక్క మాత్రం రెండు భాషలవీ కలిపి వెయ్యాలి. మనవడికి టైగర్ ఇంగ్లీషులోనే తెలుసు, కాకి తెలుగులోనే తెలుసు. బొమ్మ చూపించి 'క్రో' అనమంటే పెదవి కదపడు. అదే పిట్టగోడ మీద కాకి వాలితే "అమ్మమ్మా, కాకీ!" అని వంటింట్లోకి పరిగెడతాడు. స్కూలు లెక్కలో ఆ కాకి లేదు. మయామీలో బార్బరా పియర్సన్ బృందం 1993లో స్పానిష్, ఇంగ్లీషు రెండూ వింటూ పెరిగే పసివాళ్ళ మాటల్ని రెండు భాషల్లోనూ కలిపి లెక్క కట్టింది. ఒక్క భాష పిల్లలకంటే వాళ్ళు వెనకబడలేదని తేలింది.

అలాగని ఆటిజం భయాన్ని కొట్టిపారేస్తే అదీ పిల్లలకు అన్యాయమే. ఏడాది నిండినా కావలసినదాని వైపు వేలు చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్ళకు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకూడదు, ముందు చెవుల పరీక్ష కూడా చేయించాలి. ఆ రెండు మాటల్లో ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు అయినా అవి రెండు మాటలే.

సికిందరాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ, 2009లో మన దేశపు పిల్లల కోసం ఆటిజం కొలమానాన్ని తెచ్చింది. పేరు ఐసా. అందులో 40 అంశాలున్నాయి: కళ్ళలోకి చూస్తాడా, తోటివాళ్ళతో కలుస్తాడా, విన్నమాటే తిరిగి అంటాడా, నేను అనాల్సినచోట నువ్వు అంటాడా. రెండు భాషలు కలుపుతాడా అన్న ప్రశ్న ఆ నలభైలో ఎక్కడా లేదు. కూతురూ అల్లుడూ పిల్లవాణ్ణి పరీక్షకు తీసుకెళ్ళారు. భయపడాల్సిందేమీ లేదన్నారు. అమ్మమ్మ ఆ పూటే మళ్ళీ తెలుగులోకి వచ్చింది.

నోట్‌బుక్‌లో ఇంకో పిల్లవాడి పేజీలు కూడా ఉన్నాయి. గుడివాడ పక్క పల్లెలో బంధువుల బిడ్డ. రెండేళ్ళకే ఫోన్ చూసి నేర్చుకున్న ఇంగ్లీషులో రంగులన్నీ చెప్పేవాడు, వంద దాకా లెక్కపెట్టేవాడు, ఒక్క తెలుగు ముక్క కలవకుండా. వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవారు. వాళ్ళ నానమ్మ ఒక్కతే దిగులుపడేది. పిలిస్తే చూడడు. దాహమేస్తే ఆవిడ మణికట్టు పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్ళి, ముఖం చూడకుండా, "నీళ్ళు తాగుతావా" అంటాడు. రోజూ తనను అడిగే ప్రశ్నే వాడికి 'నాకు నీళ్ళు కావాలి'. లియో కానర్ 1943లో పదకొండుమంది పిల్లల గురించి ఆటిజం మీద రాసిన తన తొలి వ్యాసంలో వర్ణించిన మాటతీరు ఇదే. ఫోన్ ఇంగ్లీషు సంగతీ అంతే. ట్యునీషియాలో 2019లో వచ్చిన ఒక పరిశోధన, ఆటిజం ఉన్న కొందరు పిల్లలు ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథిక అరబిక్‌ను టీవీ కార్టూన్ల నుంచి ఎత్తుకుంటున్నారని చూపింది. ఊళ్ళో అందరూ మురిసిపోయిన ఆ శుద్ధమైన ఇంగ్లీషే నానమ్మకు దిగులు పుట్టించింది. ఆవిడ దిగులే నిజమైంది.

ఆ ఇంటికీ ఎవరో అదే సలహా ఇచ్చారు, తెలుగు ఆపెయ్యమని. మాంట్రియల్‌లో కేథరిన్ హాంబ్లీ, ఎరిక్ ఫాంబోన్ 2012లో ఆటిజం ఉన్న పిల్లల్ని పోల్చి చూశారు. రెండు భాషల ఇళ్ళలో పెరిగినంత మాత్రాన వాళ్ళకు మాట అదనంగా ఆలస్యం కాలేదు. ఇక్కడ తెలుగు ఆపితే ఏమవుతుందో పరిశోధన లేకుండానే చెప్పొచ్చు. నానమ్మకు ఇంగ్లీషు రాదు. పొద్దస్తమానం వాడి వెంట ఉండి, వంద సార్లు పిలిచి, వాడు తిరిగేదాకా ఓపిక పట్టే మనిషి ఆ ఇంట్లో ఆవిడే. ఆవిడ నోరు కట్టేస్తే వాడితో మాట్లాడేది మళ్ళీ ఫోనే. తల్లి ఆ సలహా వినలేదు. ఫోన్ బీరువాలో పెట్టి, వారానికి మూడు రోజులు బస్సులో విజయవాడ తీసుకొచ్చి స్పీచ్ థెరపీ చేయించింది. అంత ఖర్చు, ప్రయాణం అందరికీ సాధ్యం కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ ఆలస్యాలను ఉచితంగా చూడాలి, అందుకే జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. అంగన్‌వాడీలో అడిగితే దారి చెప్తారు, అడగాలి.

పోయిన నెల నానమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం కాలువ గట్టున ఇద్దరూ నడుస్తుంటే బర్రెల మంద ఎదురొచ్చిందట. వాడు ఆగాడట. వేలెత్తి చూపించి, వెనక్కి తిరిగి, ఆవిడ ముఖంలోకి చూసి, "నానమ్మా, బిగ్ బర్రె" అన్నాడట. ఆవిడ ఆ మాట నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారికి గొంతు పూడుకుపోయింది. తాతయ్య నోట్‌బుక్ తీసి మొదటి గడిలో ఆ మూడు ముక్కలూ రాశాడు, రెండో గడిలో 'నానమ్మతో' అని రాశాడు.