ఎడతెగని కలము – ఎదురుచూచు పాఠకుడు

ఒక మంచి వ్యాసము వ్రాయుట వేఱు, వారము వారము తప్పక వ్రాయుట వేఱు. మొదటిదానికి ప్రతిభ చాలును. రెండవదానికి ప్రతిభతోపాటు కాలనియమము, సరుకు, ఓర్పు, అన్నింటిని మించి ఎదుటనున్న పాఠకుని ఎఱుక కావలెను. మన సాహిత్యవిమర్శ కావ్యములను, నాటకములను, నవలలను విస్తారముగా పరిశీలించినది గాని, పత్రికలయందు నియతముగా వెలువడిన రచనను ఆ నియమము దృష్ట్యా పరిశీలించుట తక్కువ. పత్రికలో వచ్చిన వ్యాసములు గ్రంథరూపము దాల్చిన పిమ్మట వానిని గ్రంథములుగానే చదువుచున్నాము. అవి ఒకప్పుడు గడువునకు లోబడి పుట్టినవనియు, వానికొఱకు ఎదురుచూచినవారు కలరనియు మఱచుచున్నాము. ఈ మఱపువలన విమర్శకు కలుగు లోపము స్వల్పము. తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడి, ఏటికొక సంచికతో తృప్తిపడుచున్న మనవంటి సమాజములకు కలుగు నష్టము మాత్రము అధికము.

ఈ విధమగు రచనకు తెలుగున ముఖ్యమైన ఉదాహరణము పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి'. దానిని తూచుటకు ముందు, దానికి మాదిరియైన ఆంగ్లపత్రికను గూర్చి కొంత తెలిసికొనుట మేలు. ఆడిసన్, స్టీలులు నడపిన 'స్పెక్టేటర్' 1711వ సంవత్సరము మార్చి 1వ తేదీన లండనులో ఆరంభమయి, ఆదివారము తప్ప ప్రతిదినము వెలువడి, 1712 డిసెంబరు 6వ తేదీ నాటికి 555 సంచికలు పూర్తిచేసినది. ఒక సంచికకు ఒక కాగితము, ఒక కాగితమునకు సాధారణముగా ఒక విషయము. ఇంత చిన్న కొలతను ఎన్నుకొనుటలోనే వారి వివేకమున్నది. పదవ సంచికలో ఆడిసన్ తన పాఠకులను లెక్కించిన తీరు గమనింపదగినది. దినమునకు మూడువేల ప్రతులు పంపిణీ యగుచున్నవనియు, ఒక్కొక్క ప్రతికి ఇరువదిమంది చొప్పున చూచినచో అఱువదివేలమంది పాఠకులున్నారనియు ఆయన అంచనా. ఇరువది యనుట అతిశయోక్తి కావచ్చును, ఆయన మాత్రము దానిని మితమైన లెక్క యనియే చెప్పుకొనెను. కాఫీ అంగడిలో ఒకడు చదువుచుండగా చుట్టుచేరినవారు సైతము పాఠకులే యను తలంపు ఇందున్నది. అమ్ముడుపోయిన ప్రతులను కాక, చేరిన చెవులను లెక్కించుట మనకు ముఖ్యమైన పాఠము. దీనికి మరల వత్తును.

పాఠకులు వ్రాసిన లేఖలను ఆ పత్రిక ఆదరముతో అచ్చువేసెను. లేఖలు వచ్చుటవలన రచయితకు సరుకు దొరకును, పాఠకునకు ఆ పత్రిక తనదను భావము కలుగును. 1712 ఆగస్టులో ప్రభుత్వము పత్రికలపై ముద్రాసుంకము విధింపగా, పెన్నీ వెలగల ఆ కాగితము రెండు పెన్నీలయినది. చదువరులు తగ్గిరి. ఎంతటి రచనయైనను అర్థబలమునకు అతీతము కాదని ఈ సంగతి తెలుపుచున్నది.

ఇక 'సాక్షి'ని చూతము. 1913లో 'సువర్ణలేఖ' యందు ఆరంభమైన ఈ వ్యాసములు, 1920వ దశకమున ఆంధ్రపత్రికద్వారా తెలుగుదేశమంతట వ్యాపించినవి. సాక్షి, కాలాచార్యుడు, జంఘాలశాస్త్రి, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి అను సభ్యులతో ఒక సంఘమును కల్పించుట ఆంగ్లపు మాదిరియే. ఎడతెగక వ్రాయవలసినవానికి ఈ కల్పన గొప్ప ఉపాయము. ఒక్కడే తన పేరుతో వారము వారము అభిప్రాయములు చెప్పినచో, పదివారములకు ఆతని మాట ఆతనికే విసుగు పుట్టించును. సంఘమున్నచో పండితుడొకరీతి చెప్పును, కవి యొకరీతి చెప్పును, వర్తకుడు మఱియొకరీతి చెప్పును. సరుకు తఱుగదు, వాదమునకు చోటు కలుగును.

అయితే పానుగంటివారు ఆ ఉపాయమును పూర్తిగా వినియోగించుకొనలేదనియే నా అభిప్రాయము. సంఘము పేరునకు మిగిలినది, వేదిక జంఘాలశాస్త్రిది. ఆయన లేచినచో తక్కినవారు శ్రోతలే. ఒక దోషమును నిందింపబూనిన, దానికి సంబంధించిన ఉపమానములు, పర్యాయపదములు, దృష్టాంతములు వరుసగా వచ్చుచునే యుండును. పది వాక్యములతో సరిపోవు విషయము నలువది వాక్యములగును. స్పెక్టేటరులోని సర్ రోజర్ వంటి మనిషి, తన నడవడిచేత మనకు తెలియువాడు, సాక్షిసంఘమున రూపొందలేదు. గ్రంథరూపమున వరుసగా పది వ్యాసములు చదివినవానికి శ్రమ తోచుట సహజము.

కాని ఇక్కడనే విమర్శకుడు ఒక్కక్షణము ఆగవలెను. ఆ వ్యాసములు వరుసగా పది చదువుటకు వ్రాసినవి కావు. ఒకటి చదివి, మఱియొకదానికై కాచుకొనుటకు వ్రాసినవి. అంతేకాదు, వానిని కంటితో మాత్రమే చదువుట అన్యాయము. బిగ్గరగా చదివి చూడుడు. కాగితముమీద పునరుక్తి యనిపించినది నోటియందు ఊపగును, అతిదీర్ఘమనిపించిన వాక్యము విఱుపులతో నడచును, నిందలో నవ్వు వినబడును. నాటకకర్తయైన పానుగంటివారి వాక్యము చెవికొఱకు పుట్టినది. గ్రాంథికవ్యాకరణమునకు లోబడియు, నాటు పలుకుబడిని విడువని ఆ భాష, చదువురాని శ్రోతకు సైతము సగమైనను అందును. ఆంగ్లము చదివి, మాతృభాషలో మాటాడలేమని చెప్పుకొను విద్యావంతులను అధిక్షేపించిన 'స్వభాష' యను వ్యాసము నేటికిని నలుగురిలో చదివినచో ఆ నలుగురిని నవ్వించి, పిదప తలవంచునట్లు చేయును. పుటపై దోషమైనది సభలో గుణమగుట సాక్షి యొక్క విశేషము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి మార్గము దీనికి భిన్నమైనది. 1874లో రాజమహేంద్రవరమునుండి 'వివేకవర్ధని' ఆరంభించినపుడు, దానిని చెన్నపట్టణమున అచ్చువేయించవలసి వచ్చెను. దూరపు ముద్రణముతో కాలనియమము కుదురదు. తరువాత స్వస్థలముననే అచ్చుకూటము ఏర్పడెను. నియతరచనకు కలమెంత ముఖ్యమో, చేతికందిన అచ్చు అంత ముఖ్యమని ఆయన గ్రహించిరి. భాషవిషయమునను ఆయన పాఠకునివైపు నడచిరి. ప్రౌఢగ్రాంథికమున ఆరంభించినవారు, సంస్కరణము సామాన్యులకు చేరవలెనన్నచో శైలి సులభము కావలెనని గుర్తించి దానిని తేటపఱచిరి. 1878లో 'రాజశేఖరచరిత్రము'ను వివేకవర్ధనియందే విడతలుగా ప్రకటించి, 1880లో గ్రంథముగా వెలువరించిరి. ప్రహసనములను సైతము ఆ పత్రికయందు ప్రకటించిరి. పత్రికకు వ్రాసినది వృథా కాలేదు, గ్రంథమునకు పునాది యయినది. 1883లో స్త్రీలకొఱకు ప్రత్యేకముగా 'సతీహితబోధిని'ని నడపిరి. ఉన్న పాఠకులతో ఆగక, అప్పటికి చదువరులు కానివారిని చదువరులను చేయుటయే పాఠకసంపాదనయని ఆయన ఆచరించి చూపిరి. వచనసౌష్ఠవమున పానుగంటివారు మిన్న, ప్రయోజనదృష్టియందు పంతులుగారు మిన్న.

మన విషయమునకు ఇంకను దగ్గఱి ఉదాహరణములు రెండు కలవు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము నెలకొల్పి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించిరి. తెలుగువారి ప్రసిద్ధపత్రిక మహారాష్ట్రమున పుట్టినదన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది. 1914లో అది చెన్నపట్టణమునకు చేరి దినపత్రిక యయినది. 1924లో 'భారతి' వెలువడెను. ఈ రెండును 1991 వఱకు సాగినవి. మందు అమ్మిన డబ్బు అక్షరమునకు అండగా నిలిచెను. ఆంధ్రపత్రిక వెలువరించిన ఉగాది సంచికలు సుప్రసిద్ధములు. మన సంఘముల సంచికలు, తెలిసియో తెలియకయో, వానికి వారసులు. కాని ఆ ఉగాది సంచిక వెనుక ఏడాది పొడవున నడచిన పత్రిక యున్నది. మన సంచిక వెనుక పదునొకండు నెలల నిశ్శబ్దమున్నది. శిఖరమును అనుకరించి గోపురమును మఱచితిమి.

రెండవ ఉదాహరణము గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిది. 1936నుండి ఒడిషాలో చేరిన పర్లాకిమిడి ఆయన చిరకాల నివాసము. అచ్చటనుండి 1919లో 'తెలుగు' అను మాసపత్రికను వెలువరించిరి. అది ఏడాదికాలమునకు మించి సాగలేదు. పత్రిక యాగెను గాని, దానిలోని వాదము ఆగలేదు. చదివినవారు కొద్దిమందియే యైనను, వారు తాము వ్రాయువారు, బోధించువారు. ఎందఱు చదివిరన్నది ఒక లెక్క, ఎవరు చదివిరన్నది మఱియొక లెక్క. చిన్న పత్రిక నడపువారు ఈ రెండవలెక్కను తలచుకొని ధైర్యము చెందవలెను.

ఇటీవలి కాలమున ఈ వ్రతమును దీర్ఘముగా నడపినవారు మాలతీ చందూరుగారు. చెన్నపట్టణమున కాపురముండి, 1950వ దశకమునుండి ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దములపాటు నిర్వహించిరి. స్త్రీలు అడిగిన ప్రశ్నలకు సమాధానములిచ్చుట దాని ముఖ్యస్వరూపము. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' పేర ఇతరభాషల నవలలను తెలుగు పాఠకులకు పరిచయము చేసిరి. 'హృదయనేత్రి' నవలకు 1992లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 2013లో వారు స్వర్గస్థులయిరి. పండితవిమర్శ ఆమె నవలలను గుర్తించినంతగా శీర్షికను గుర్తింపలేదు. ప్రశ్నోత్తరములలో లోతు తక్కువయనియు, అడిగినవే మరల మరల వచ్చుననియు చెప్పవచ్చును. అది నిజమే. కాని ప్రశ్న పాతదైనను అడుగు మనిషి కొత్తది. వేయిమారులు విన్న ప్రశ్నకు విసుగులేక సమాధానము చెప్పుటయే ఈ ప్రక్రియయొక్క నీతి. జంఘాలశాస్త్రి శ్రోతలను సంపాదించెను, మాలతీ చందూరుగారు మాటాడువారిని సంపాదించిరి. పాఠకురాలు కలము పట్టి రెండు వాక్యములు వ్రాసి పంపుట, ఆమె జీవితమున ఒక సాహిత్యకార్యము.

ఈ పరిశీలనమువలన తేలినది మనకెట్లు ఉపకరించును? బరంపురము, షోలాపురము, హోసూరు, కోలారు మొదలగు చోట్ల మన యిండ్లలో నేడు కనబడు దృశ్యమును దాచుకొని లాభము లేదు. తాతగారు తెలుగు చదువుదురు. తండ్రి కూడబలుకుకొని చదువును. మనుమరాలు తెలుగు మాటాడును గాని, ఆమె చదువు లిపి కన్నడమో, తమిళమో, ఒడియాయో, నాగరియో అగుచున్నది. యానాములో తెలుగు వీధిభాషయే గనుక అచ్చటి కష్టము ఇంత కాదు. తక్కినచోట్ల, చదువగల కన్నులు తగ్గుచున్నవి, వినగల చెవులు ఇంకను మిగిలియున్నవి. ఇట్టి స్థితిలో లావుపాటి సంచికను ఏటికొకమారు అచ్చువేసి, సభనాడు పంచి, మఱునాడు అటకమీదికి చేర్చుట పాఠకసంపాదన యనిపించుకొనదు. సంచికలోని వ్యాసముల యోగ్యతను నేను శంకించుట లేదు. వానికి తరువాతి వారము లేదన్నదే నా ఆక్షేపణ. ఎదురుచూపు లేనిచోట పాఠకుడు పుట్టడు.

షోలాపురపు నేతగాండ్రకు తెలిసిన సంగతి యొకటి కలదు. మగ్గమెక్కినవాడు దినమునకు కొన్ని మూరలు నేయవలెను గాని, పండుగకు ముందు ఏడాది బట్ట నంతయు ఒక్కరాత్రి నేయజాలడు. రచనయు నట్టిదే. సంఘమునకు నెలకొక చిన్న కాగితము చాలును. దానిలో ఒక్క విషయము, పది నిమిషములలో బిగ్గరగా చదువదగిన ప్రమాణము, చదువరుల లేఖలకు విడిచిన చోటు, ఇవి యుండవలెను. వ్రాయు బాధ్యత ఒక్కరిపై మోపక, సాక్షిసంఘమువలె నలుగురైదుగురు పంచుకొనవలెను. పానుగంటివారు చేసినట్లు ఒక్కరికే వేదిక నప్పగింపరాదు. తాత చదువగా మనుమరాలు వినినచో, ఆమెయు పాఠకురాలే. ఆడిసన్ ప్రతికి ఇరువదిమందిని లెక్కించెను, మనము ప్రతికి ఇల్లంతటిని లెక్కింతము. ఆమె ఒక ప్రశ్నను తనకు వచ్చిన లిపిలోనే వ్రాసి పంపినను, సమాధానము తెలుగులో అచ్చుకావలెను. తన పేరు అచ్చయిన పంక్తిని చదువుకొనుటకైనను ఆమె మన అక్షరములు నేర్చుకొనును.

వార్షికసంచికను మానుడని నేను చెప్పుట లేదు. పండ్రెండు కాగితములనుండి ఏరి కూర్చినదైనచో, అది వీరేశలింగము పంతులుగారి గ్రంథములవలె నిలుచును. సంచికకొఱకు వ్యాసములను యాచించు స్థితిపోయి, వ్యాసములనుండి సంచిక పుట్టును. ఈ సంచికను చేతబట్టిన గృహస్థులు దీనిని అటకమీదికి చేర్చుటకు ముందు, ఏదైన ఒక పుటను ఇంటిలో ఒక్కసారి బిగ్గరగా చదువుదురుగాక.