అరకిలో మట్టి, నాలుగు కడ్డీలు
చంద్రగిరి పక్క ఎర్ర గరప చేలల్లో భూసార పరీక్షకు మట్టి తీసేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్పలు పోసిన చోట వాళ్ల పార పడదు. చేనంతా వంకరటింకరగా తిరిగి, ఎనిమిది పది చోట్ల పైచెత్త తోసేసి, 15 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారంలో గుంట తీసి, దాని అంచును పైనుంచి కిందిదాకా పలచగా చెక్కుతారు. అదంతా గోనెపట్ట మీద కలిపి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండూ పారబోసి, అరకిలో మిగిలేదాకా మళ్లీ అదే పని. ఆరబెట్టేది నీడలోనే. చేను గుణమంతా ఆ చిన్న గుడ్డసంచిలోకి దిగడం నాకెప్పుడూ అబ్బురమే! శనక్కాయకు ఏ ఎరువు ఎంత చాలో, ఏది అక్కర్లేదో ఆ సంచే చెబుతుంది. నీళ్ల సంగతి ఇంకా సున్నితం. ఇక్కడ చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు, నీసు రాళ్లే. లోతున నీళ్లు దాగేది వాటి పగుళ్లలో. బోరుకు చోటు వెతికేవాళ్లు నాలుగు కడ్డీలు వరసగా దిగ్గొట్టి, బయటి రెండింటికీ కరెంటిచ్చి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. కడ్డీలు ఎడంగా జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. తడి పగులు కరెంటును పోనిస్తుంది, గట్టి బండ అడ్డుకుంటుంది. బోరుకు అప్పు తెచ్చుకున్న రైతుతో, “ఈడొద్దన్నా, ఆ యాపమాను పక్క చూద్దాం” అంటూ కడ్డీలు పెరికి భుజానేసుకుని నడుస్తారు.